ప్రీమియర్ పద్మిని స్టీరింగ్ ప్లే: బాక్సు బిగించాలా, ముందు లింకులు చూడాలా?

పద్మిని యజమాని, గుంటూరు:
మా నాన్నగారి 1986 నాటి పద్మినిలో విజయవాడ వస్తుంటే, మంగళగిరి దాటి వేగం 60 కిలోమీటర్లు అందుకునేసరికి బండి అటూ ఇటూ లాగింది. స్టీరింగు 2 అంగుళాలు తిప్పితే గాని చక్రాలు కదలలేదు. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ గారు స్టీరింగ్ బాక్సు (స్టీరింగు తిప్పుడును చక్రాల వైపు మళ్లించే గేర్ల పెట్టె) మీది అడ్జస్టింగ్ స్క్రూను బిగించి పంపారు. ప్లే, అంటే ఆ వదులు, కొంత తగ్గింది గాని, ఇప్పుడు మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను వెనక్కి రావడం లేదు. పద్ధతి సరైనదేనంటారా?

పాతబండ్ల మేస్త్రి, విజయవాడ:
పద్ధతి సరైనదేనండీ, ఆ స్క్రూ ఉన్నదే అరుగుదలను సర్దడానికి. మీకు మోతాదు మించింది, అంతే. కొత్త బాక్సు కోసం ఊరంతా తిరిగేకంటే ఇదే నయం.

విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు:
మేస్త్రిగారితో ఏకీభవించలేను. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి బాక్సు లోపలి వర్మ్ (మరచుట్లున్న గేరు) నడిమి భాగంలోనే ఎక్కువగా అరుగుతుంది. అక్కడి ఖాళీ పోయేదాకా స్క్రూ బిగిస్తే, అంతగా అరగని చివర్లలో పట్టేస్తుంది. పైగా ప్లే బాక్సుదేనని ఎవరు తేల్చారు? రాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీని చిన్న పళ్ల చక్రం నేరుగా జరిపే ఏర్పాటు) ఉన్న అంబాసిడర్ కాదిది. ఇందులో డ్రాప్ ఆర్మ్ (బాక్సు తిప్పే చెయ్యి), ఐడ్లర్ ఆర్మ్ (రెండో వైపున లింకులను మోసే చెయ్యి), టై రాడ్ ఎండ్లు (చక్రాలకు కలిపే కడ్డీల చివరి కీళ్లు), ఈ లింకులన్నీ తలా కాస్త వదులు కలుపుతాయి. ఒకరు స్టీరింగును మెల్లగా ఆడిస్తుంటే ఇంకొకరు కింద ఒక్కొక్క జాయింటు మీద చెయ్యి వేసి చూడాలి. స్టీరింగు కదిలినా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే దోషం బాక్సుది, అది కదిలినా చక్రం కదలకపోతే లింకులది. తరువాత చక్రాన్ని జాకీ మీద లేపి, పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టి ఊపండి. ఎవరినైనా బ్రేకు తొక్కమనండి. ఊగడం ఆగితే వదులు బేరింగుది, ఆగకపోతే కింగ్ పిన్‌ది (చక్రం పక్కకు తిరిగేందుకు ఆధారమైన పిన్ను).

పద్మిని యజమాని, గుంటూరు:
నిన్న మా బావమరిదిని సీట్లో కూర్చోబెట్టి నేను కింద పడుకున్నాను. ఐడ్లర్ ఆర్మ్ మీద చెయ్యి పెట్టగానే, స్టీరింగు దిశ మారినప్పుడల్లా అరచేతికి టక్కుమని తగిలింది. దాని బుష్‌లో రబ్బరు పొడిపొడిగా రాలింది. బుష్ మార్చి, స్క్రూను మునుపటి గుర్తుకే వదిలాను. ప్లే ఒక అంగుళానికి దిగింది, స్టీరింగు చక్కగా వెనక్కి వస్తోంది.

పాతబండ్ల మేస్త్రి, విజయవాడ:
సంతోషం. కానీ మిగిలిన ఆ అంగుళం ఎక్కడిది? ఇప్పుడైనా స్క్రూ ముట్టుకోకూడదా?

విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు:
డ్రాప్ ఆర్మ్ ఆలస్యంగా కదులుతోందని చూసి తేల్చుకున్నాకైతే ముట్టుకోవచ్చు. చక్రాలు తిన్నగా పెట్టి పావు చుట్టుకు మించకుండా బిగించి, ముందు చక్రాలు రెండూ లేపి, రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడ పట్టినట్టు అనిపించినా వెంటనే వదలండి.

పాతబండ్ల మేస్త్రి, విజయవాడ:
పావు చుట్టుకు నేనూ ఒప్పుకుంటాను. టో-ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు కాస్త లోపలికి తిరిగి ఉండే కొలత) చూపించకుండా మాత్రం హైవే ఎక్కకండి.