తమ్ముడు టీబీ మందులు ఆపేశాడు, ఏం చేయాలి?

పాలమూరు అక్క:
మా తమ్ముడికి 27 ఏళ్లు, హైదరాబాద్‌లో టైల్స్ పని. జనవరిలో ఊపిరితిత్తుల టీబీ అని తేలింది. రెండు నెలలు రోజూ నాలుగు మాత్రలూ సరిగ్గానే వేసుకున్నాడు. దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, నాలుగు కిలోలు పెరిగాడు కూడా. మొన్న ఆదివారం వాడి గదిలో బట్టలు సర్దుతుంటే పెట్టె అడుగున మూడు స్ట్రిప్పులు దొరికాయి. మూడు వారాల మందు, ఒక్క మాత్రా తీయలేదు. అడిగితే "మర్చిపోయానక్కా" అంటాడు. మూడు వారాలు ఎవరైనా మర్చిపోతారా? తిట్టాను, ఏడ్చాను, అమ్మ మీద ఒట్టు వేయించుకున్నాను. నిన్న ఫోన్ చేస్తే వేసుకున్నా అన్నాడు కానీ ఆ గొంతు నాకు తెలుసు.

కృష్ణాతీరం:
గట్టిగా భయపెట్టండి. మందులకు లొంగని టీబీ వస్తే ఏమవుతుందో వీడియోలు చూపించండి. దెబ్బకు దారికొస్తాడు.

రెండోసారి పాసయినవాణ్ణి:
పైన చెప్పినట్టు మాత్రం చేయకండి. నన్నూ భయపెట్టారు. దాంతో ఇంకాస్త నమ్మకంగా అబద్ధాలాడటం నేర్చుకున్నాను, అంతే.

2019లో మియాపూర్‌లో ఒక గదిలో ఐదుగురం ఉండేవాళ్లం. ఎవరికీ చెప్పలేదు. మాత్రలు స్ట్రిప్పుల్లోంచి తీసి బి-కాంప్లెక్స్ డబ్బాలో పోసుకున్నాను. మాత్రలైతే దాచాను గానీ మూత్రాన్ని ఎక్కడ దాస్తాం? టీబీ మాత్రల్లో ఉండే రిఫాంపిసిన్ వేసుకుంటే బత్తాయి రంగు కూడా కాదు, ఎర్రగా వస్తుంది. అందరికీ ఒకటే బాత్రూమ్, ఫ్లష్ పని చేయదు. రోజూ పొద్దున్నే మూడు బకెట్లు కుమ్మరించి బయటికొచ్చేవాణ్ణి. ఒకరోజు ఒకడు "ఏంట్రా, కామెర్లా?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి రోజు విడిచి రోజు. దానికితోడు పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేది, ఏడింటికల్లా పనిలో ఉండాలి. దగ్గు ఉన్నంతకాలం ఇవన్నీ ఓర్చుకున్నాను. అది పోయాక ఎందుకు ఓర్చుకోవాలో అర్థం కాలేదు.

సంక్రాంతికి ఊరెళ్తూ డబ్బా గదిలోనే వదిలేశాను. ఇంట్లో మర్చిపోయానని చెప్పాను. మే నెలలో దగ్గితే రక్తం పడింది. పరీక్ష చేస్తే క్రిమి ఇంకా ఆ మందులకు లొంగుతోందని తేలింది. అదృష్టం. మళ్లీ మొదటి రోజు నుంచి ఆరు నెలలు.

రెండోసారి చేసిందల్లా ఒక్కటే, పక్క మంచం వాడికి చెప్పేశాను. వాడు ఒక్క క్షణం నన్ను చూసి "అందుకేనా ఆ బకెట్లు" అన్నాడు. తర్వాత ఆరు నెలలూ వాడే లేపి ఇడ్లీ తెచ్చిపెట్టేవాడు. వాంతులవుతున్నాయంటే కాస్త తిని వేసుకోమని డాక్టరే చెప్పారు. మొదటిసారి ఆ మాట అడగాలని కూడా నాకు తోచలేదు.

మీ తమ్ముణ్ణి మందు గురించి అడగకండి. గదిలో ఎవరికి తెలుసో అడగండి.

ఆశా కార్యకర్తని, కర్నూలు వైపు:
అమ్మా, ఆ మిగిలిన స్ట్రిప్పులు మీరే మళ్లీ మొదలుపెట్టించకండి. ఇన్ని రోజులు ఆపాక తెమడ పరీక్ష చేసి, ఎక్కడి నుంచి ఇవ్వాలో డాక్టరే చెప్తారు. స్ట్రిప్పులు తీసుకుని వెళ్లండి. ఎన్ని మానేశాడో నిజం చెప్పమనండి. తాగుతాడేమో కూడా మెల్లగా అడగండి. మా దగ్గర చాలామంది "మందు మీద మందా" అని తాగిన రోజు మాత్ర మానేస్తారు, అలా మానేసిన రోజులే పెరుగుతాయి. 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు, బ్యాంకు ఖాతా వివరాలు ఇచ్చాడో లేదో చూడండి. సందేహాలుంటే 1800-11-6666కి చేయొచ్చు, ఉచితం.

పాలమూరు అక్క:
రాత్రి అడిగాను, గదిలో ఎవరికి తెలుసురా అని. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత "మేస్త్రీకి తెలిస్తే పనిలోకి రానివ్వడక్కా" అన్నాడు. తాగుడు సంగతి ఇంకా అడగలేదు. సోమవారం నేను వెళ్తున్నాను, ఇద్దరం కలిసి ఆసుపత్రికి. స్ట్రిప్పులు తనే పట్టుకొస్తానన్నాడు.