చిన్న వాగులో ట్రౌట్: గాలం వేసేలోపే మాయం, ఏం చేయాలి?

వాగుగట్టు: మోకాలి లోతు వాగు. చేపలు ఉన్నాయి, కళ్లారా చూస్తున్నాను. ఒడ్డుకు చేరేసరికి సర్రున రాళ్ల కిందికి దూరిపోతాయి. ఎర మార్చాలా, లైన్ మార్చాలా?

గులకరాయి: ఎర సంగతి తర్వాత. ఎటునుంచి వెళ్తున్నారు? ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి నిలబడుతుంది, తిండి కొట్టుకొచ్చేది అటునుంచే కాబట్టి. ఎగువ నుంచి దిగితే దాని కళ్లముందు నడిచినట్టే. దిగువ నుంచి రండి, వంగి నడవండి, నీడ నీళ్లమీద పడనివ్వకండి.

వాగుగట్టు: దిగువ నుంచే వస్తున్నానండీ. అయినా అంతే.

నీటిచూపు: అయితే అడుగుల వల్లే. మన మాటలు దానికి పెద్దగా చేరవు గానీ, ఒడ్డున దబదబా నడిస్తే ఆ అదురు నీళ్లలోకి పాకుతుంది. చేప ఒంటి పక్కనుండే పార్శ్వరేఖ దాన్ని ఇట్టే పట్టేస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మడుగు దిగువ చివర, నీరు పలచబడే చోట ఓ బుల్లి చేప ఉంటుంది. మనం దాన్ని లెక్కచేయం. అదే ముందు బెదిరి పైకి పరిగెత్తి పెద్దవాటిని లేపేస్తుంది. అందుకే నేను ముందు అక్కడే వేస్తాను. తర్వాత జోరు నీరు, నెమ్మది నీరు ఒరుసుకునే చోటు చూస్తాను. అక్కడ నురుగు గీతలా సాగుతుంది, తిండి అందులోనే వస్తుంది.

పాతగాలం: అందరూ ఫ్లై ఫ్లై (పురుగులా కనిపించేలా కట్టిన హుక్) అని ఊదరగొడతారు. వాన పడి నీరు కాస్త రంగు తిరిగాక వానపామును మించింది లేదు.

నీటిచూపు: వండుకునేవాళ్లకైతే సరే, అదీ అక్కడి రూల్స్ ఒప్పుకుంటే. పట్టిన చేపను వదిలేయాలంటే మాత్రం వానపాము వద్దు, చేప హుక్‌ను గొంతు దాకా మింగేస్తుంది. ఫ్లై చాలావరకు పెదవికే తగులుతుంది. హుక్ మొన వెనకుండే ఎదురు ముల్లును కటింగ్ ప్లేయర్‌తో నొక్కేస్తే తీయడం ఇంకా సులువు.

పాతగాలం: ఆ మాట ఒప్పుకుంటా. లోపలికి మింగితే లాగొద్దు, దారం కత్తిరించి వదిలేయండి.

కొమ్మకింద: పైన చెట్లు కమ్ముకుంటే రాడ్ వెనక్కి ఊపడం కుదరదు. ఫ్లైని హుక్ వంపు దగ్గర వేళ్లతో పట్టుకుని, రాడ్‌ను విల్లులా వంచి, ఫ్లైని వదిలేయండి. పొట్టి రాడ్ చాలు.

గులకరాయి: ఎండాకాలం థర్మామీటర్ పెట్టుకోండి. నీరు 20 డిగ్రీల సెల్సియస్ దాటితే గాలం చుట్టేయడమే. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడిన చేప కోలుకోదు. ఈదుకుంటూ పోయినా తర్వాత చచ్చిపోవచ్చు.

వాగుగట్టు: పొద్దున్నే వెళ్తే?

గులకరాయి: అదే మంచిది, తెల్లవారుజామున నీరు అన్నిటికన్నా చల్లగా ఉంటుంది. పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేతులకు దాని ఒంటి జిగురు ఊడిపోతుంది.