ఈమ్ ఊరి ప్లేగు: అది త్యాగమా, గతిలేక ఉండిపోవడమా?

శేషు_షెఫీల్డ్: ఇంగ్లండ్‌లో మేముండే షెఫీల్డ్‌కి దగ్గర్లోనే, డెర్బీషైర్ కొండల్లో ఈమ్ అనే చిన్న ఊరుంది. 1665లో లండన్ నుంచి దర్జీ ఇంటికొచ్చిన బట్టల మూటతో ప్లేగు దిగింది. సెప్టెంబరు మొదట్లోనే ఆ ఇంట్లో పనిచేసే జార్జ్ విక్కర్స్ పోయాడు. 1666 జూన్‌లో పాస్టరు మాంపెసన్, అంతకుముందు ఆ పదవి పోగొట్టుకున్న స్టాన్లీ కలిసి, పొలిమేర దాటొద్దని జనాన్ని ఒప్పించారు. మొత్తం 260 మంది పోయారు. చుట్టుపక్కల ఊళ్లు బతికాయి. ఇంత త్యాగం ఇంకెక్కడైనా ఉందా?

రమణి: మాంపెసన్ తన పిల్లల్ని ముందే బయటికి పంపేశాడు. డబ్బున్నవాళ్లు కొందరు ముందే జారుకున్నారు. మిగిలింది సీసపు గనుల కూలీలు, చిన్న రైతులు. పోవడానికి చోటు లేనివాళ్లు ఉండిపోతే త్యాగమా?

శ్రీను1971: 260 ఎంతమందిలో? కొందరు 350 అంటారు, కొందరు 700 పైనే అంటారు.

శేషు_షెఫీల్డ్: లెక్కతో పనేంటండీ? రోగం అంటకుండా సరిహద్దు రాయి గుంటల్లో వెనిగర్ పోసి అందులో డబ్బులు వేసేవాళ్లు, బయటివాళ్లు తిండి పెట్టి వెళ్లేవాళ్లు. దగ్గర్లోని పెద్ద జమీందారు డెవన్‌షైర్ ఎర్ల్ కూడా సరుకులు పంపాడు.

శ్రీను1971: పనుంది. 350లో అయితే నలుగురిలో ముగ్గురు పోయినట్టు. 700లో అయితే సగానికి పైగా బతికినట్టు. రెండూ ఒకటేనా?

కృష్ణవేణి: ఊరు మూయకపోతే పక్క ఊళ్లు పోయేవి. అంతే.

రమణి: రైలీ పొలంలో ఎలిజబెత్ హాన్‌కాక్ ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ పాతిపెట్టింది. ఆమెనెవరైనా అడిగారా?

శేషు_షెఫీల్డ్: పోయినవాళ్లని కించపరచకండి రమణిగారూ.

రమణి: కించపరిచానా? 2020లో మా ఊరి దారికి ముళ్లకంప కొట్టారు. హైదరాబాద్ నుంచి నడిచొచ్చిన మా తమ్ముణ్ణి రాత్రంతా చింతచెట్టు కిందే ఉంచారు. కంప కొట్టించిన పెద్దమనిషి కొడుకు కారు మాత్రం తెల్లారకముందే ఊళ్లోకెళ్లింది. ఆ పెద్దమనిషికే తర్వాత శాలువా కప్పారు.

శేషు_షెఫీల్డ్: మా నాన్న ఎందుకు పోయారో తెలుసా? జ్వరం దాచిపెట్టి ఒకాయన పెళ్లికొచ్చాడు. ఆగమంటే ఆగినవాళ్లు నాకు దేవుళ్లు.

రమణి: ఆగడం తప్పనలేదండీ. ఎవర్ని ఆపారు, ఎవర్ని వదిలారు అంటున్నా.

శేషు_షెఫీల్డ్: మరి మాంపెసన్ భార్య క్యాథరిన్? వెళ్లగలిగీ వెళ్లలేదు. ఆగస్టులో ఆమే పోయింది.

రమణి: ఆమెది త్యాగమే, కాదనను. ఆమెకి దారుంది, అయినా ఉండిపోయింది. ఎలిజబెత్‌కి ఆ దారి ఎవరు చూపించారు?