ఆల్చిప్పని చూసి అప్పటి సముద్రం వేడి ఎంతో ఎలా చెబుతారు?

తిరువాన్మియూర్_అమ్మ:
నిన్న సాయంత్రం మా అమ్మాయి బీచ్ నుంచి గుప్పెడు ఆల్చిప్పలు ఏరుకొచ్చింది, తొమ్మిదో తరగతి. ఒకటి మాత్రం అరచేయంత ఉంది, పైన దగ్గరదగ్గరగా గీతలు. కోట్ల ఏళ్ల కిందటి సముద్రం ఎంత వేడిగా ఉండేదో ఇలాంటి చిప్పల్లోంచే తెలుసుకున్నారని వాళ్ల సైన్స్ టీచర్ చెప్పారట. "అప్పుడు థర్మామీటర్ పెట్టినవాళ్లు ఎవరూ లేరు కదమ్మా, వాళ్లు చెప్పింది తప్పో ఒప్పో ఎవరు చూస్తారు?" అని అడిగింది. నేను కామర్స్ చదివాను, ఏం చెప్పాలో తోచలేదు. కాస్త వివరంగా ఎవరైనా చెప్పండి. ఇంకో సంగతి, ఈ చిప్పని ల్యాబ్‌లో ఇస్తే మా దగ్గర సముద్రం నెలనెలా ఎంత వేడిగా ఉందో చెప్పగలరా?

సన్నబ్రష్_బెంగళూరు:
పాప సరైన చోటే పట్టుకుందండీ. నేను బెంగళూరులో ఈ పని మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను, మైక్రోస్కోప్ కింద తడిపిన సన్న బ్రష్‌తో ఇసుక రేణువంత ఫొరామ్ గుల్లల్ని (ఫొరామ్‌లంటే సముద్రంలో బతికే ఏకకణ జీవులు) ఒక్కొక్కటే ఏరడంతోనే నా రోజులు గడుస్తాయి.

ముందు అసలు విషయం. నీళ్లలో ఉండే ఆక్సిజన్ అంతా ఒకే బరువు కాదు. ఎక్కువ భాగం ఆక్సిజన్-16, వెయ్యిలో దాదాపు రెండు మాత్రం బరువైన ఆక్సిజన్-18. చిప్ప కట్టుకునే జీవి నీళ్లలోంచే ఆక్సిజన్ తీసుకుంటుంది, నీళ్లు చల్లబడేకొద్దీ చిప్పలోకి బరువైనది కొంచెం ఎక్కువ చేరుతుంది. చిప్ప పొడి మీద ఫాస్ఫారిక్ ఆమ్లం పోస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, దాన్ని అణువుల్ని బరువుని బట్టి విడదీసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి పంపి రెండింటి నిష్పత్తి కొలుస్తాం. ఆ నిష్పత్తి వెయ్యిలో ఒక వంతు మారితే వేడి 4 డిగ్రీలకు పైగా మారినట్టు. 1947లో హెరాల్డ్ యూరీ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని లెక్క కట్టి చెప్పాడు, తర్వాత ఆయన బృందం జురాసిక్ కాలం నాటి బెలెమ్నైట్ (స్క్విడ్ లాంటి, అంతరించిపోయిన సముద్ర జీవి) శిలాజం ఒకదాన్ని పొరపొరగా గీకి కొలిస్తే మూడు వేసవులు, నాలుగు చలికాలాలు కనిపించాయి. మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఇప్పటికీ అలాగే ఉంటుంది.

ఇక పాప ప్రశ్న. థర్మామీటర్ పెట్టారు! 1950ల మొదట్లో యూరీ బృందంలోని ఎప్‌స్టైన్, ఆయనతో పనిచేసినవాళ్లు నత్త జాతి జీవుల్ని వేడి ఎంతో తెలిసిన తొట్లలో పెంచారు. చిప్పకి చిల్లు పెట్టి, ఆ జీవి పూడ్చుకున్న కొత్త ముక్కని మాత్రమే తీసి కొలిచారు. అంటే ఆ ముక్క ఏ వేడిలో తయారైందో ముందే తెలుసు, నిష్పత్తిని వేడిగా మార్చే సమీకరణం అక్కడినుంచి వచ్చింది. ఆ తర్వాత ఫొరామ్‌లనీ తొట్లలో పెంచి చూశారు.

నెల్లూరు_రాళ్లు:
అంతా బాగుంది గానీ తమ్ముడూ, పెద్ద చిక్కు దాటేశావు. చిప్పలో వచ్చే నంబర్ ఒక్క వేడి వల్లే రాదు, నీళ్లలో బరువైన ఆక్సిజన్ ఎంతుందన్నదీ అందులోనే కలిసి ఉంటుంది. తెలియనివి రెండు, సమీకరణం ఒకటి. 1955లో ఎమిలియాని అనే శాస్త్రవేత్త పైనీళ్లలో బతికే ఫొరామ్‌లతో మంచుయుగాల వేడి లెక్క కట్టాడు, 1967లో షాకిల్టన్ అనే ఇంకో శాస్త్రవేత్త సముద్రం అడుగున బతికే ఫొరామ్‌లని కొలిస్తే వాటిలోనూ దాదాపు అంతే మార్పు. అడుగు నీళ్లు అప్పటికే గడ్డకట్టే చలికి దగ్గర్లో ఉంటాయి, ఇంకెంత చల్లబడతాయి? ఆ మార్పులో ఎక్కువ భాగం వేడిది కాదు, మంచుది. తేలికైన ఆక్సిజన్ ఆవిరై పోయి ధ్రువాల దగ్గర మంచుగా నిలిచిపోతే సముద్రంలో బరువైనది మిగులుతుంది.

మద్రాసు తీరంలో ఈ చిక్కు ఇంకా ఎక్కువ. అక్టోబర్ తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు ఒకపక్క, ఉత్తరాన గంగా, బ్రహ్మపుత్రల మంచినీళ్లు తీరం వెంబడి దక్షిణానికి దిగడం ఇంకోపక్క. వాన నీళ్లలో, నది నీళ్లలో తేలికైనది ఎక్కువ. ఉప్పదనం ఒక యూనిట్ (కిలో నీళ్లకి సుమారు ఒక గ్రాము ఉప్పు) తగ్గితే ఆ నిష్పత్తి వెయ్యిలో సుమారు 0.2 వంతు పడిపోతుంది, అయిదు యూనిట్లు తగ్గిందనుకో, 4 డిగ్రీలు వేడెక్కినట్టు చూపిస్తుంది. డిసెంబర్‌లో నీళ్లు చల్లబడుతుంటే చిప్ప మాత్రం ఎండాకాలం అంటుంది. మీ అమ్మాయి చిప్ప ఒక్కటే ఇస్తే నెలనెలా వేడి రాదమ్మా, ఎవరైనా వస్తుందంటే నమ్మకండి.

సన్నబ్రష్_బెంగళూరు:
నిజమే అన్నా, ఒప్పుకుంటున్నాను. అందుకే రెండో సాక్షి కావాలి. ఫొరామ్‌లలో మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తి అలాంటిది, ఒక్కో డిగ్రీకి సుమారు 9 శాతం పెరుగుతుంది. దానితో వేడి తీసి, ఆక్సిజన్ లెక్కలోంచి తీసేస్తే నీళ్ల సంగతి మిగులుతుంది. నీళ్ల ఊసే లేకుండా చెప్పేది ఇంకొకటుంది, క్లంప్డ్ ఐసోటోపులు. బరువైన కార్బన్-13, బరువైన ఆక్సిజన్-18 ఒకదానికొకటి అతుక్కుని ఉండటం చలిలో ఎక్కువ, వేడిలో తక్కువ. దాన్ని థర్మామీటర్‌గా 2006లో చూపించినవాళ్లలో మొదటి పేరు ప్రసేన్‌జిత్ ఘోష్‌ది, తర్వాత ఆయన ఇక్కడ ఐఐఎస్‌సీలోనే పనిచేశారు. కాకపోతే పొడి ఎక్కువ కావాలి, ఒకే నమూనాని పదేపదే కొలవాలి.

ఇంకో ప్రమాదం ఉంది, అది నా చేతుల మీదుగానే జరిగింది. మొదటి ఏడాది మూడు వారాలు కూర్చుని ఏరిన గుల్లలు కొలిస్తే వేడి ఉండాల్సినదానికంటే బాగా తక్కువ వచ్చింది. కొత్త విషయం కనిపెట్టాననుకుని ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున మా సీనియర్ అక్క ఒక గుల్లని విరిచి మైక్రోస్కోప్ కింద పెట్టి చూడమంది. గాజులా తేటగా ఉండాల్సిన గోడ పంచదార పలుకుల్లా తెల్లగా మెరుస్తోంది. అడుగున చల్లటి నీళ్లలో లక్షల ఏళ్లు పడి ఉండి, కరిగి, మళ్లీ స్ఫటికాలు కట్టింది. నేను కొలిచింది పైనీళ్ల వేడి కాదు, అడుగు చలి. అవన్నీ పక్కన పెట్టేశాను. ఇదే కారణంతో ఇయోసీన్ కాలపు (సుమారు అయిదున్నర కోట్ల నుంచి మూడున్నర కోట్ల ఏళ్ల కిందటి) ఉష్ణమండల సముద్రాలు చల్లగా ఉండేవని చాలాకాలం అనుకున్నారు, 2001లో టాంజానియా బంకమట్టిలో గాజులా చెడకుండా ఉన్న గుల్లలు కొలిచాక ఆ లెక్క తిరగబడింది.

తిరువాన్మియూర్_అమ్మ:
రెండుసార్లు చదివాను, మా అమ్మాయికి పైకి చదివి వినిపించాను. చిల్లు పూడ్చుకున్న ముక్కని కొలిచారన్న చోట ఆపించి మళ్లీ చదివించుకుంది. ఇప్పుడు తను అడుగుతోంది, నెలకోసారి సముద్రం నీళ్లు పట్టి దాచిపెడితే పనికొస్తాయా అని.

నెల్లూరు_రాళ్లు:
బ్రహ్మాండంగా పనికొస్తాయి తల్లీ! మనకి ఎప్పుడూ దొరకనిది అదే, చిప్ప పెరిగినప్పటి నీళ్లు. థర్మామీటర్ ముంచి తేదీ, వేడి రాసుకో, అదే చోట ఒక్కోసారి బతికున్న చిప్ప ఏదైనా దొరికిందేమో చూడు. ఒడ్డుకి కొట్టుకొచ్చింది ఏ ఏడాదిదో చెప్పలేం.

తిరువాన్మియూర్_అమ్మ:
గాజు సీసా ఒకటి ఉతికి ఆరబెట్టింది. నిండా పట్టాలా, కొంచెం ఖాళీ వదలాలా?

సన్నబ్రష్_బెంగళూరు:
మూత కింద గాలి బుడగ కూడా ఉండకూడదండీ. బిగించాక చుట్టూ టేపు వేయమనండి. కొంచెం ఆవిరైనా ముందు పోయేది తేలికైన ఆక్సిజనే.