మా స్పోర్టింగ్ డైరెక్టర్‌ను ఎత్తుకుపోవడం న్యాయమేనా?

కావలి న్యూకాజిల్: అన్నా, మా ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ న్యూకాజిల్‌లో ఆటగాళ్ల కొనుగోళ్లు చూసుకునే స్పోర్టింగ్ డైరెక్టర్ డాన్ ఆష్‌వర్త్‌ను 2024లో మాంచెస్టర్ యునైటెడ్ లాగేసింది. ఫిబ్రవరి నుంచి గార్డెనింగ్ లీవ్‌లో, అంటే జీతమిస్తూనే పనికి దూరంగా కూర్చోబెట్టి, జులైలో పంపాం. ట్రంకు రోడ్డు టీకొట్లో యునైటెడ్ బ్యాచ్ ఇప్పటికీ గెలుకుతుంటారు. నాకైతే ఒళ్లు మండుద్ది.

ఒంగోలు మాస్టారు: 2022లో మీరు ఆయన్ని బ్రైటన్ క్లబ్ నుంచి తెచ్చుకోలేదా? వాళ్లకు మండలేదా?

కావలి న్యూకాజిల్: నిజమే, కానీ ఆటగాడు పోతే ఇంకొకణ్ణి కొంటాం. ఎవరిని కొనాలి, ఎంత దాకా పోవాలి, మా లెక్కలన్నీ ఈయన బుర్రలో ఉన్నాయి కదన్నా!

గూడూరు యునైటెడ్: ఆ బుర్రతో మాకేం ఒరిగింది సామీ? పరిహారం కట్టి తెచ్చుకుని, ఐదు నెలలకే డిసెంబరులో సాగనంపాం. డబ్బు మీకు, నవ్వులపాలు మేము. ఇంకా ఏడుపెందుకు?