రోవర్ ఫోటోల యాప్‌లో ‘ఏఐ మెరుగు’ ఉంచాలా, పీకేయాలా?

ఒంగోలు_టు_బెళ్లందూరు · శనివారం, రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఏడాదిగా శని, ఆదివారాలు కూర్చుని చేస్తున్న యాప్ గురించి ఇక్కడ చాలామందికి తెలుసు. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మార్స్ మీదున్న క్యూరియాసిటీ, పర్సెవరెన్స్ రోవర్లు పంపే ఫోటోలను నాసా ఎప్పటికప్పుడు తన సైట్‌లో పెట్టేస్తుంది. వాటిని సోల్ వారీగా (అంటే మార్స్ రోజు, మన 24 గంటల 39 నిమిషాల పైచిలుకు), కెమెరా వారీగా వరసలో పెట్టి, తెలుగులో చూపిస్తుంది నా యాప్. అంతే, రాకెట్ సైన్స్ ఏమీ లేదు. రాకెట్ సైన్స్ చేసేవాళ్లు మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉంటారు.

అందులో ‘ఏఐ మెరుగు’ అని ఒక ఆప్షన్ పెట్టాను. మసకగా ఉన్న బొమ్మను పెద్దది చేసి అంచులు పదును పెడుతుంది. అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. తప్పంతా అక్కడే జరిగింది.

రెండు వారాల క్రితం ఊరి నుంచి అన్నయ్య ఫోన్. “ఒరేయ్, మార్స్ మీద రాయి మీద శ్రీ అని రాసుందంట కదా, పెద్దమ్మ గ్రూపులో పెట్టింది, నిజమేనా?” తెరిచి చూస్తే మూలన నా యాప్ లోగో! లాగ్ తవ్వితే తేలిందేమిటంటే, అది క్యూరియాసిటీ నావ్‌క్యామ్ (దారి చూసుకునే కెమెరా) థంబ్‌నెయిల్. అసలు బొమ్మ కంటే ముందు ఈ చిన్న బొమ్మ వస్తుంది, సైజు 64×64. నా ఏఐ దాన్ని 1024×1024 చేసి, రాయి మీద ఒంపులు చెక్కేసింది. రెండు రోజులకు అసలు బొమ్మ వచ్చింది. ఒక రాయి, ఒక పగులు, పగులులో నీడ, అంతే. అప్పటికి ‘శ్రీ’ ఎన్ని గ్రూపులు తిరిగిందో ఆ శ్రీహరికే తెలియాలి.

ఇప్పుడు నా ప్రశ్న. ఆ ఆప్షన్ ఉంచాలా, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో పెడితే చాలా, లేక మొత్తం పీకేయాలా?

నెగెటివ్_గది · ఆదివారం, ఉదయం 6:15

పీకేయండి బాబూ.

శివాజీనగర్‌లో 31 ఏళ్లు ఫోటో స్టూడియో నడిపాను. నెగెటివ్ మీద పెన్సిల్‌తో టచింగ్ చేసిన చేతులివి. పెళ్లికూతురి బుగ్గ మీద మొటిమ తీసేవాళ్లం, కళ్ల కింద నలుపు తగ్గించేవాళ్లం. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉండేది కాబట్టి ఏం తీస్తున్నామో, ఏం పెడుతున్నామో మాకు తెలుసు. ఆ రాయి ఎదురుగా ఎవరు కూర్చున్నారు? మీ ఏఐ భూమ్మీద బొమ్మలు కోట్లు చూసి ఉంటుంది. దానికి అలవాటైన ఒంపుల్నే తెచ్చి ఆ రాయి మీద దిద్దింది.

రంగులో కూడా తొందరపడితే ఇంతే. 1976లో వైకింగ్ 1 పంపిన మొదటి రంగు ఫోటో బయటికొచ్చినప్పుడు ఆకాశం నీలంగా కనిపించింది. తర్వాత సరిచూసుకుంటే అక్కడి ధూళి వల్ల ఆకాశం గులాబీ, గోధుమ రంగుల మధ్య ఉంటుందని తేలింది. అంత పెద్ద సంస్థే మన ఊరి ఆకాశాన్ని అక్కడ చూసుకుంది.

పిక్సెల్_పిచ్చోడు · ఆదివారం, ఉదయం 10:02

అన్నా, వినండి. నేను పీకొద్దనే పక్షం.

మొదటిది, ‘ముడి ఫోటో’ అనే మాటే సగం అబద్ధం. 2004లో దిగిన స్పిరిట్, ఆపర్చునిటీల ముడి ఫోటోలు సైట్‌లో కాంట్రాస్ట్ ఆటోమేటిక్‌గా సాగదీసే పెట్టారు. అందుకే పక్కపక్క ఫ్రేములు కలిపి పనోరమా చేద్దామంటే ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా వచ్చి గళ్లలుంగీలా ఉండేది. క్యూరియాసిటీ నావ్‌క్యామ్ వెలుగును 12 బిట్లలో (4,096 మెట్లలో) కొలుస్తుంది, మనకు వెబ్‌లో దొరికేది 8 బిట్ల (256 మెట్ల) జేపెగ్. అసలు కొలతలు కావాలంటే నెలల తర్వాత పీడీఎస్ (నాసా గ్రహాల డేటా భాండాగారం) ఆర్కైవ్‌లోకి వచ్చేదాకా ఆగాలి.

రెండోది, నాసా వాళ్లు కూడా వైట్ బ్యాలెన్స్ చేసిన ఫోటోలు విడుదల చేస్తారు. భూమి వెలుతురులో ఆ రాళ్లు ఎలా కనిపిస్తాయో తెలిస్తే జియాలజిస్టులకు పోల్చుకోవడం తేలిక. వాళ్లు చేస్తే సైన్స్, మనం చేస్తే మాయా?

మూడోది మా రూమ్మేట్. బూడిద రంగు బొమ్మ చూపిస్తే ఫోన్ తిరిగిచ్చేశాడు. ఏఐ బొమ్మ చూపిస్తే అరగంట వదల్లేదు. జనం రాకపోతే యాప్ ఎవరి కోసం?

ఇంకోటి. 2022 మేలో ‘మార్స్ మీద తలుపు’ అని గోల అయింది గుర్తుందా? అది క్యూరియాసిటీ మాస్ట్‌క్యామ్ (స్తంభం మీది రంగు కెమెరా) తీసిన మామూలు ఫోటో. ఏఐ లేదు, గీఐ లేదు. పుకారు పుట్టాలనుకుంటే దేన్నుంచైనా పుడుతుంది.

లెక్కల_టీచర్_కేఆర్‌పురం · ఆదివారం, మధ్యాహ్నం 3:30

తమ్ముడి తలుపు ఉదాహరణ బాగుంది, కానీ అది అతని వాదనకే అడ్డం తిరుగుతుంది. ఆ ‘తలుపు’ ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. రాతిలో పగుళ్లు కలిసిన చోటు. ఫోటోలో కొలత లేదు కాబట్టే జనం మనిషి దూరేంత తలుపు అనుకున్నారు. అంటే అక్కడ లోటు పదును కాదు, స్కేలు.

ఇప్పుడు శ్రీ రాయి దగ్గరికి వద్దాం. మా తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాలనిపించింది. క్యూరియాసిటీ నావ్‌క్యామ్ 45 డిగ్రీల వెడల్పు చూస్తుంది. అసలు బొమ్మలో అడ్డంగా 1024 పిక్సెల్స్. 10 మీటర్ల దూరంలో ఒక పిక్సెల్ అంటే 8 మిల్లీమీటర్లు దాటి. అదే థంబ్‌నెయిల్‌లో 64 పిక్సెల్సే కాబట్టి ఒక్కో పిక్సెల్ దాదాపు 13 సెంటీమీటర్లు. అర మీటరు రాయి ఉంటే అది అడ్డంగా నాలుగు పిక్సెల్స్. నాలుగు గళ్లలో శ్రీ రాయమంటే నాకు రాదు, మా పిల్లలకూ రాదు.

మొత్తం బొమ్మ తీసుకున్నా అంతే. వచ్చినవి 4,096 పిక్సెల్స్, చూపించినవి 10 లక్షల పైన. ప్రతి 256లో 255 మీ యాప్ వేసినవి. దాన్ని మెరుగు అనకూడదండీ, అది ముగ్గు.

దానికి బదులు ఒకటి పెట్టండి. నావ్‌క్యామ్‌కి ఎడమ, కుడి కళ్లున్నాయి, మధ్య దూరం 42 సెంటీమీటర్లు. ఒకే క్షణం తీసిన జత పక్కపక్కన చూపిస్తే చాలు. 10 మీటర్ల దూరంలో ఉన్న రాయి రెండింటి మధ్య సుమారు 51 పిక్సెల్స్ జరుగుతుంది. ఎంత జరిగిందో కొలిస్తే దూరం వస్తుంది, దూరం వస్తే సైజు వస్తుంది. 2014 ఏప్రిల్‌లో ‘మార్స్ మీద లైటు’ అన్నారు చూడండి, ఆ తెల్ల చుక్క కుడి కంట్లో ఉంది, సెకను తేడాలో తీసిన ఎడమ కంట్లో లేదు. కాస్మిక్ కిరణం తగిలిన మచ్చ కావచ్చన్నారు. జత బటన్ ఉంటే ఆ గోల రెండు నిమిషాల్లో తేలిపోయేది.

బ్యాలాళు_బైకర్ · ఆదివారం, సాయంత్రం 6:48

అందరూ మార్స్ మార్స్ అంటున్నారు, చంద్రుడి మీద దిగిన మన చంద్రయాన్-3 రోవర్ ప్రజ్ఞాన్ సంగతేంటి? 2023 ఆగస్టు 23న దిగింది, 26 కిలోల రోవర్, దానికీ రెండు నావ్‌క్యామ్‌లు. ఆ కెమెరాలు తయారైంది మన బెంగళూరులోనే, ఇస్రో వాళ్ల ఆప్టిక్స్ ల్యాబ్ లియోస్‌లో. టీచర్ గారు చెప్పిన ఎడమ కుడి జతనే ఎరుపు, నీలం కళ్లద్దాలతో చూసేలా ఇస్రో ఆ సెప్టెంబర్ 5న విడుదల చేసింది. మా అబ్బాయికి పాత త్రీడీ కళ్లద్దాలు వెతికి ఇచ్చాను, ఇంట్లో అన్నం చల్లారిపోయినా లేవలేదు.

బాధేమిటంటే, రోవర్ నడుస్తున్న రోజుల్లో మనకు ఎంపిక చేసిన కొన్ని ఫోటోలే దొరికాయి. డేటా తర్వాత ఇస్రో డేటా సైట్ ప్రదాన్ పోర్టల్‌లో పెట్టారు. లాగిన్ అయ్యి, దించుకుని, పక్కనున్న, ఫైలు వివరాలుండే ఎక్స్‌ఎంఎల్ లేబుల్ చదువుకుని తెరవాలి. ఆ సిగ్నళ్లు అందుకునే ఇస్రో బ్యాలాళు యాంటెనా బండి మీద పోతే గంటన్నర దూరం, డేటా మాత్రం...

మోడరేటర్ · ఆదివారం, సాయంత్రం 7:05

ఇస్రో డేటా విధానం మీద వేరే చర్చ తెరవండి. ఇక్కడ ఏఐ బటన్ గురించే.

బ్యాలాళు_బైకర్ · ఆదివారం, సాయంత్రం 7:20

సరే సార్. బటన్ గురించే చెప్తా. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ శకలాన్ని మొదట పట్టుకున్నది చెన్నై ఇంజనీరు షణ్ముగ సుబ్రమణియన్. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా ఎల్‌ఆర్‌ఓ ఉపగ్రహం తీసిన బొమ్మల్లో, విక్రమ్ పడక ముందుదీ పడ్డాక తీసిందీ పోల్చుకుంటూ, ముందు లేని చుక్క ఒకటి కనిపిస్తే నాసాకు రాశారు. వాళ్లు పరిశీలించి డిసెంబర్‌లో ఆయన పేరుతో సహా ప్రకటించారు. చుక్క అంటే చుక్కే, గుప్పెడు పిక్సెల్స్. ఆ బొమ్మను ఆయన ముందుగా ఏఐలో వేసి ఉంటే? ఆ చుక్క గులకరాయి అయ్యేది, లేదా నాలుగు కాళ్ల ల్యాండరే అయ్యేది. ఏదైనా ఆయన మాట ఎవరూ నమ్మేవారు కాదు.

పిక్సెల్_పిచ్చోడు · ఆదివారం, రాత్రి 10:31

శ్రీ రాయి విషయంలో ఒప్పుకుంటున్నా, థంబ్‌నెయిల్‌కి ఏఐ పెట్టడం బుద్ధి తక్కువ పని. (అన్నా, కోపగించుకోకు, ఆ కోడ్ రివ్యూ చేసింది నేనే.)

కానీ ఒక ప్రశ్నకు పెద్దలు జవాబు చెప్పాలి. మాస్ట్‌క్యామ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ ఒక్క రంగే కొలుస్తుంది. నాలుగింట్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మిగతా రెండు రంగులూ చుట్టుపక్కల పిక్సెల్స్ చూసి పూరించేవే. అంటే ఇలాంటి సెన్సర్ తీసిన ఏ రంగు ఫోటోలోనైనా మూడింట రెండు వంతులు ఊహే. కొన్నిసార్లు పూరించకుండా అలాగే సైట్‌లోకి వస్తాయి, చూశారా? బూడిద రంగు గళ్ల గుడ్డలా ఉంటాయి. మరి ఊహ అంటే అంత పాపమైతే రంగు కూడా పీకేయాలిగా?

నెగెటివ్_గది · సోమవారం, ఉదయం 6:05

మంచి ప్రశ్న నాయనా. రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

పక్కింటాయన్ని అడిగి మన వీధిలో నీళ్లు వచ్చాయో లేదో చెప్పడం వేరు, మద్రాసులో నీళ్లు వచ్చాయి కాబట్టి ఇక్కడా వచ్చి ఉంటాయని చెప్పడం వేరు. రంగు పూరించేది మొదటి రకం. ఆ ఫోటోలోనే, ఆ క్షణంలోనే, పక్క పిక్సెల్ కొలిచినదాన్ని ఆధారం చేసుకుంటుంది. తప్పినా అంచుల దగ్గర కొంచెం రంగు చిందుతుంది, అంతకు మించి పోదు. ఏఐ రెండో రకం. తప్పితే శ్రీ రాస్తుంది. పైగా ఎంత తప్పిందో చూసేవాడికి తెలియదు, ఎందుకంటే తప్పిన చోట కూడా బొమ్మ శుభ్రంగా, నున్నగా ఉంటుంది. మా రోజుల్లో చెడ్డ టచింగ్ లైటుకి అడ్డం పెడితే కనపడేది. దీనికి ఆ లైటు లేదు.

లెక్కల_టీచర్_కేఆర్‌పురం · సోమవారం, ఉదయం 7:40

నీళ్ల ఉదాహరణకు నమస్కారం. మా వీధిలో ఇవాళ కూడా ట్యాంకరే.

ఒంగోలు_టు_బెళ్లందూరు · సోమవారం, రాత్రి 11:55

అందరి మాటా విన్నాను. ఇవాళ ఆఫీసు నుంచి ఇంటికి చేరడానికి గంటా నలభై నిమిషాలు పట్టింది, ఆలోచించడానికి కావలసినంత టైమ్ దొరికింది.

ఏఐ తీసేస్తున్నాను. ఆఫ్‌లో ఉంచడం కూడా కాదు, పూర్తిగా. నేను ఆఫ్‌లో ఉంచినా అన్నయ్య ఆన్ చేస్తాడు, ఆయన సంగతి నాకు తెలుసు. కాంట్రాస్ట్, వైట్ బ్యాలెన్స్ ఉంటాయి, కానీ చూసేవాళ్లు చేత్తో జరుపుకోవాలి. ఏది ఎంత జరిపారో షేర్ చేసిన బొమ్మ కింద పట్టీలో పడుతుంది: సోల్, కెమెరా, ఎడమా కుడా, ఏం మార్చారు. థంబ్‌నెయిల్ అయితే దాని అసలు సైజులోనే, తపాలా బిళ్లంత, ‘పెద్ద బొమ్మ ఇంకా రాలేదు’ అనే మాటతో కనిపిస్తుంది. టీచర్ గారి జత బటన్ మొదలుపెట్టాను. ఫైలు పేరులోనే ఎన్‌ఎల్, ఎన్‌ఆర్ అని ఎడమ కుడి ఉంటాయి, పక్కనే గడియారం సెకన్లుంటాయి కాబట్టి జత కలపడం తేలికే. దూరం లెక్కకి మాత్రం కెమెరా మోడల్ (కెమెరా ఎటు, ఎలా చూస్తుందో చెప్పే లెక్క) సరిగ్గా పెట్టాలి, రెండు మూడు వారాలు పడుతుంది.

తమ్ముడూ, నీ రూమ్మేట్ పోతే పోనీ. లేదా అతనికి జత బొమ్మ, కళ్లద్దాలు ఇచ్చి చూడు.

పిక్సెల్_పిచ్చోడు · మంగళవారం, రాత్రి 12:10

నేను ఒప్పుకోలేదు, రికార్డు కోసం చెప్తున్నా. కోడ్ ఓపెనే కదా, ఏఐ వెర్షన్ ఫోర్క్ చేసుకుంటా (నా సొంత కాపీగా విడిగా నడుపుకుంటా). పెద్ద బొమ్మలకే, థంబ్‌నెయిల్‌కి ముట్టను.

ఒంగోలు_టు_బెళ్లందూరు · మంగళవారం, రాత్రి 12:14

చేసుకో. పేరు మార్చు, లోగో తీసేయ్. అసలు బొమ్మ అందరికీ పంపి, ఇది పగులే అని వాయిస్ మెసేజ్ కూడా పెట్టాను. అయినా పెద్దమ్మ వాట్సాప్ డీపీ ఇంకా ఆ రాయే. నిన్న దానికి పసుపు కుంకుమ స్టిక్కర్లు కూడా పెట్టింది.