జంప్ స్టార్ట్ చేస్తే అందుకుంది. అయితే తప్పు బ్యాటరీదేనా?

తీరవాసి:
విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉంటాం. పెట్రోలు కారు, పాతదే. ఈ మధ్య పొద్దున కీ తిప్పితే ‘టక్’ అని ఒక్క చప్పుడు వచ్చి ఆగిపోతోంది, ఇంజిను తిరగడం లేదు. హెడ్‌లైట్లు బాగానే వెలుగుతున్నాయి. పక్కింటివారి కారు నుంచి కేబుళ్లు తగిలిస్తే వెంటనే స్టార్ట్ అయింది. మెకానిక్‌కు ఫోను చేస్తే, కారు చూడకుండానే బ్యాటరీ మార్చమన్నారు. అది వేయించి ఏడాది కూడా కాలేదు. మార్చాలా?

స్పానర్:
మార్చండి. వేరే బ్యాటరీ తోడైతే అందుకుందంటే మీ దానిలో సత్తువ లేదనే అర్థం. లైట్లను చూసి మోసపోవద్దు. వాటికి పది ఆంపియర్లు చాలు, స్టార్టర్ మోటారుకు వంద పైనే కావాలి. మన ఎండలకు బ్యాటరీలు తొందరగా పోతాయి. వర్క్‌షాపులో రోజూ చూస్తున్న సంగతే ఇది.

మీటరు:
తీరవాసి గారూ, తొందరపడకండి. కీ తిప్పినప్పుడు లైట్లు మసకబారాయా? జంప్ చేసినప్పుడు నలుపు క్లిప్పు ఎక్కడ పెట్టారు, బ్యాటరీ మైనస్‌కా, ఇంజిను లోహానికా?

తీరవాసి:
లైట్లు పెద్దగా తగ్గలేదు. నలుపు క్లిప్పు ఇంజిను మీద ఒక బోల్టుకు పెట్టాం, అదే క్షేమమని చదివాను. బ్యాటరీ 12.5 వోల్టులు చూపిస్తోంది.

స్పానర్:
12.5 చూసి బ్యాటరీ మంచిదని చెప్పలేరు. లోడ్ పడితే 8కి పడిపోయేవి ఎన్నో ఉన్నాయి.

మీటరు:
12.5 సంగతి నేను ఎత్తనే లేదు. లైట్లు తగ్గలేదన్నారు, అది చూడండి. బ్యాటరీ నీరసించి ఉంటే స్టార్టర్ లాగగానే లైట్లు ఆరిపోయినంత పని కావాలి. ఇక్కడ కరెంటు దారిలోనే ఆగిపోతోంది. ఇంజినును బాడీకి కలిపే ఎర్త్ వైరు పాడైందని నా అనుమానం. నలుపు క్లిప్పును ఇంజినుకే పెట్టారు కాబట్టి ఆ జంప్ కేబులే ఎర్త్ వైరు పని చేసింది. కారు అందుకుంది, నింద బ్యాటరీ మీద పడింది.

స్పానర్:
ఎర్త్ వైరును మల్టీమీటరుతో చూస్తే బీప్ వస్తుందో లేదో తెలిసిపోతుంది. దానికింత కథ అక్కర్లేదు.

మీటరు:
ఒక్క పోగు మిగిలినా బీప్ వస్తుంది. 0.03 ఓముల నిరోధం చాలు, వంద ఆంపియర్లు పారితే 3 వోల్టులు అక్కడే పోతాయి. అంత చిన్న నిరోధాన్ని మామూలు మీటరు పట్టుకోలేదు. కరెంటు పారుతుండగా కొలవాలి. డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నలుపు ప్రోబ్‌ను బ్యాటరీ మైనస్ స్తంభానికి, ఎరుపుదాన్ని రంగు లేని ఇంజిను లోహానికి ఆనించి కీ తిప్పించండి. 0.2 లోపు ఉంటే మంచిది. అర వోల్టు దాటితే దొంగ దొరికినట్టే.

పాత బండి:
మా ఊళ్లో ఒక షాపువాళ్లు ఇలాగే మొదట బ్యాటరీ, ఆ తర్వాత ఆల్టర్నేటరు, చివరికి స్టార్టరు మార్పించారు. అసలు సంగతి ఏమిటంటే టెర్మినల్ క్లాంపు వదులైంది, చేత్తో తిప్పితే తిరిగేది. బిల్లులన్నీ ఇప్పటికీ దాచి ఉంచాను. మెకానిక్‌లందరూ ఇంతే.

స్పానర్:
అందరూ అనవద్దు. బానెట్ కింద గంటసేపు తల పెట్టి తుప్పు పట్టిన బోల్టు వెతికి గీకి బిగిస్తే, ‘బోల్టు గీకినందుకు ఇంతా?’ అని అడిగేది మీరే. అదే బ్యాటరీ అమ్మితే మారుమాట లేకుండా ఇస్తారు. వెతికిన శ్రమకు విలువ కట్టరు, సామానుకు కడతారు. షాపు అద్దె, కుర్రాళ్ల జీతం ఎలా ఇవ్వాలి?

మీటరు:
మొదటే ఈ మాట చెప్పి ఉంటే వాదనే లేదు. వెతకడానికి ఇంత అవుతుందని అడగండి, తప్పు లేదు. ఆ డబ్బు రాదని మంచి బ్యాటరీని పోయిందనడం మాత్రం నేను ఒప్పుకోను.

తీరవాసి:
కొలిచాను. మా అబ్బాయి కీ తిప్పాడు. ఇంజినుకూ మైనస్‌కూ మధ్య 4.6 వోల్టులు. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 11.9. గేర్‌బాక్స్ దగ్గరున్న ఎర్త్ వైరు, ఆ అల్లిక వైరు, పచ్చగా చిలుమెక్కి, ముట్టుకుంటే పొడి రాలుతోంది.

స్పానర్:
4.6 అంటే ఇక ఆ వైరే. గీకితే సరిపోదు, ఉప్పుగాలికి లోపలి పోగులు కూడా తిని ఉంటాయి. కొత్తది వేయండి. బోల్టు కింద లోహం మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు పూయండి. పాత బండి గారూ, ఈ పని నేను చేసి గంట కూలి అడిగితే ఇస్తారా?

పాత బండి:
ఇలా రీడింగులు చూపిస్తే ఇస్తాను. మాట మీద మాత్రం ఇవ్వను.

స్పానర్:
ప్రతి కారుకూ అంకెలు చూపించి నన్ను నేను రుజువు చేసుకోవాలా? నమ్మకం లేని చోట నేను పని చేయను.

పాత బండి:
ఆ నమ్మకానికే నేను మూడు బిల్లులు కట్టాను.

తీరవాసి:
వైరు ఆదివారం నేనే మారుస్తాను. ముందు బ్యాటరీ విప్పాలా?

మీటరు:
విప్పాలి. మైనస్ ముందు తీయండి, బిగించేటప్పుడు దాన్నే చివర బిగించండి. తర్వాత అదే కొలత మళ్లీ తీసి ఇక్కడ పెట్టండి.